నెట్‌లోగో: కన్సెన్సస్ కంటితో చూడాలంటే ఇదే, కాకపోతే ఆస్క్‌తో జాగ్రత్త

మల్టీ ఏజెంట్ కన్సెన్సస్ (చాలా ఏజెంట్లు పక్కవాటిని మాత్రమే చూసుకుంటూ చివరికి ఒకే విలువకి రావడం) మీద ప్రాజెక్టు అనగానే మనవాళ్ళు నేరుగా మ్యాట్‌ల్యాబ్ తెరిచి, ఎవరికి ఎవరితో లింకుందో చెప్పే లాప్లాసియన్ మ్యాట్రిక్సు, దాని ఐగెన్ వాల్యూలు వేసేసి ఒక గ్రాఫు గీస్తారు. లెక్క తేలుతుంది, లోపల ఏం జరిగిందో మాత్రం బుర్రకెక్కదు. ముందు నెట్‌లోగో వాడండి. ఇలాంటి ఏజెంట్ల మోడల్స్ రాసి తెర మీద నడిపించి చూడటానికి ఉరి విలెన్‌స్కీ 1999లో తెచ్చిన సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం, ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేకపోతే బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నా మార్కులు ఐదుకి నాలుగు.

వంద టర్టిల్స్‌కి (నెట్‌లోగోలో కదిలే ఏజెంట్ల పేరు ఇదే) తలా ఒక అంకె ఇచ్చి, చూపు మేరలో ఉన్నవాటి అంకెలతో సగటు తీసుకోమని రాయండి. చూపు తగ్గించి కదలకుండా ఉంచితే గుంపుకో అంకె దగ్గర ఆగిపోతాయి, గంటసేపు చూసినా అంతే. అదే చూపుతో వాటిని అటూ ఇటూ తిరగనివ్వండి, ఎప్పుడు ఆపి చూసినా నెట్‌వర్క్ ముక్కలుగానే ఉంటుంది, అయినా కాసేపటికి అన్నీ ఒకే అంకెకి వచ్చేస్తాయి. ప్రతి క్షణం అందరూ కలిసి ఉండక్కర్లేదు, ఒక హద్దు దాటని వ్యవధిలో ఏర్పడిన లింకులన్నీ కలిపితే అందరూ కలిసినా చాలు అని జడ్‌బాబయీ, లిన్, మోర్స్ అనే పరిశోధకులు 2003 పేపర్లో నిరూపించింది ఇదే. నడుస్తుండగానే స్లైడర్ జరిపి చూడొచ్చు, అక్కడే దీనికి డబ్బులు పెట్టినా తప్పులేదనిపిస్తుంది.

ఇక చిరాకులు. ఏజెంట్లకి పని చెప్పే కమాండే ఆస్క్. ఆస్క్ టర్టిల్స్ అంటే అన్నీ ఒకేసారి మారవు, ఒకదాని తర్వాత ఒకటి మారతాయి, మొదటిదాని కొత్త అంకెని రెండోది అప్పుడే చూసేస్తుంది. ఆ పేపర్లో ఉన్నట్టు అన్నీ ఒకేసారి మారాలంటే కొత్త విలువ వేరే వేరియబుల్‌లో దాచి, ఇంకో ఆస్క్‌లో మార్చాలి. మొదట్లో ఉన్న సగటే చివరికీ కావాలంటే అదీ చాలదు, ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇచ్చుకునే వెయిట్లు (సగటులో ఎదుటివాడి అంకెకి ఇచ్చే ప్రాధాన్యం) సమానంగా ఉండాలి. సగం రిపోర్టులు ఇది చూసుకోకుండానే ‘యావరేజ్ కన్సెన్సస్’ అని రాసేస్తాయి!

ఇంకోటి, వ్రాప్ ఆన్‌లో ఉంటే ఎడమ అంచువాడికి కుడి అంచువాడు పక్కింటివాడైపోతాడు, సెట్టింగ్స్‌లో టిక్ తీసేయండి. అంకెలకి బదులు దిశలతో కన్సెన్సస్ చేసేవాళ్ళు మామూలు సగటు పెడితే 350, 10 డిగ్రీలకి 180 వస్తుంది, అంటే సరిగ్గా వెనక్కి తిరిగినట్టు. నెట్‌లోగోతో పాటే వచ్చే మోడల్స్ లైబ్రరీలో ఉన్న ఫ్లాకింగ్ (పక్షుల గుంపు మోడల్) తెరిచి సైన్, కొసైన్‌లతో ఎలా చేశారో చూసి రాసుకోండి. టర్టిల్స్ వేలల్లోకి వెళ్తే మాత్రం నత్తనడకే, అప్పుడు పైథాన్‌కి మారిపోవడం మేలు.