చెన్నైలో డీడీ ఫ్రీ డిష్: బొమ్మ ఎప్పుడు పోతోందో చూడండి

వేళచ్చేరిలో మా మిద్దె మీద డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకుని ఏళ్లయింది. నెలనెలా కట్టేదేమీ లేదు. డిష్షు, బాక్సు, వైరు ఒకసారి కొంటే సరి. అమ్మ చూసే యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. అయితే తెలుగు సీరియళ్ల కోసమే కొనాలనుకుంటే వద్దనే చెబుతాను, ఇందులో హిందీదే పెత్తనం.

సిగ్నల్ సంగతికొస్తే, ఇన్నాళ్లలో బాక్సు మొరాయించింది లేదు. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగినా, 'నో సిగ్నల్' అని పడినా జబ్బు మిద్దె మీదే ఉండేది. టెక్నీషియన్‌ని పిలిస్తే మాత్రం మొదటి మాటే "బాక్స్ మార్చేయండి సార్". పైగా అతను వచ్చే టైముకి బొమ్మ శుభ్రంగా ఉంటుంది, అదొక టెన్షన్. అందుకే ముందు అది ఏ వేళలో పోతోందో గమనించండి. బాక్సు మెనూలో స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. డిష్ ఎటు తిరిగి ఉన్నా స్ట్రెంత్ బాగానే కనిపించవచ్చు. నమ్మాల్సింది క్వాలిటీని.

కుండపోతలో పోయి, తగ్గగానే వచ్చేస్తే అది రిపేరు కాదు. ఈ డిష్షులకు వచ్చే కేయూ బ్యాండ్ (ఒక రకం హై ఫ్రీక్వెన్సీ) సిగ్నల్‌ని గట్టి వాన మింగేస్తుంది, ఎవరి డిష్షయినా అంతే. నాలుగు చినుకులకే పోతుంటే డిష్ జరిగిందేమో చూడాలి. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వెళ్లాక మాకు అదే అయింది. ఫ్రీ డిష్ సిగ్నల్ పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే మనకు ఆగ్నేయంలో, బాగా ఎత్తున. కింద తమ్ముడు ఫోన్‌లో క్వాలిటీ చదువుతుంటే నేను పైన నట్లు వదులు చేసి వెంట్రుకవాసి తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగుతూ సరిచేశాను.

బాగా విసిగించింది ఇంకొకటి. వాన పడుతున్నప్పుడు బాగానే ఉండి, వెలిశాక మర్నాడు పోయేది. గట్టిగా ఎండ కాస్తే మళ్లీ వచ్చేది. పైకెళ్లి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే ముక్క) దగ్గర వైరు కనెక్టర్ విప్పితే లోపల తడి, నడిమి రాగి తీగకు పచ్చటి చిలుము. ఈ ఊరి ఉప్పుగాలికి తోడు నీళ్లు చేరితే అంతే. విప్పే ముందు బాక్సు స్విచ్ తీసేయండి, ఆ వైరులోనే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళ్తుంది. రాగి మెరిసేదాకా వైరు కోసి, కొత్త కనెక్టర్ వేసి, సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాను. మామూలు కరెంటు టేపు మన ఎండకు ఊడిపోతుంది. కనెక్టర్‌కి ముందు వైరుని కాస్త కిందికి వేలాడేలా వంచితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

మే నెల మధ్యాహ్నాలు పోయి రాత్రికి వచ్చేస్తుంటే ఎల్‌ఎన్‌బీ ఎండకు తట్టుకోవడం లేదేమో అనుకోవచ్చు. కొన్ని వందల్లో అయిపోతుంది, మార్చి చూడండి.

మార్చి మధ్యలో, మళ్లీ సెప్టెంబర్ ఆఖర్లో కొన్ని రోజుల పాటు ఉదయం పదకొండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. దానికి ఎవర్నీ పిలవక్కర్లేదు.