ప్రైమర్ అక్కర్లేదనే ప్లాస్టిక్ స్ప్రే పెయింట్: ఎక్కడ పట్టుకుంటుంది, ఎక్కడ ఊడుతుంది

‘ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత) లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీదే’ అని రాసి ఉండే 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బాల గురించి ఈ సమీక్ష. ఐదుకి మూడున్నర మార్కులు. టీవీ వెనక కేసు, ఫ్రిజ్ హ్యాండిల్, పీవీసీ పైపు లాంటి గట్టి ప్లాస్టిక్‌ల మీద డబ్బా మాట నిలబెట్టుకుంటుంది. అచ్చు కుర్చీలు, బకెట్లు, సామాను దాచుకునే పెట్టెల మీద మాత్రం ఆ ఒక్క డబ్బాతో పని కాదు. ఇళ్లలో జనం ముందుగా రంగు వేయాలనుకునేవి అవే కావడంతో పోయాయి ఆ ఒకటిన్నర మార్కులు.

తేడా అంతా ప్లాస్టిక్ రకంలో ఉంది. వస్తువును తిరగేస్తే అడుగున త్రికోణంలో ఒక అంకె కనిపిస్తుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 లేదా 4 ఉంటే పాలిథిలీన్, 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటివన్నీ 7 కిందకి వస్తాయి. ఏబీఎస్, పాలీస్టైరీన్, పీవీసీల మీద రంగులోని సాల్వెంట్ (రంగును పల్చగా ఉంచే ద్రావణి) పై పొరను కొంచెం మెత్తబరుస్తుంది, రంగు అందులోకి దిగి పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్‌లను ఆ సాల్వెంట్ ఏమీ చేయలేదు. పైగా వాటి ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తన మీద పట్టి పరుచుకోనిచ్చే గుణం, మీటరుకు 30 మిల్లీన్యూటన్ల దగ్గరే ఉంటుంది, ఏబీఎస్‌ది 40 దగ్గర. అందుకే వాటి మీద రంగు పరుచుకున్నట్టే కనిపిస్తుంది, ఆరాక గోరు పెట్టి గీకితే పొరంతా రేకులా లేచి వచ్చేస్తుంది.

అంకె కనిపించకపోతే నీళ్ల పరీక్ష ఉంది. వస్తువు అడుగు నుంచి చిన్న పలుకు కోసి, చుక్క సబ్బు కలిపిన నీళ్లలో వేసి వేలితో ముంచి వదలండి. సబ్బు లేకపోతే పలుకుకు గాలి బుడగలు అంటుకుని లెక్క తప్పుతుంది. పైకి తేలితే పాలీప్రొపిలీనో పాలిథిలీనో, ఎందుకంటే వాటి సాంద్రత నీటికన్నా తక్కువ. ఏబీఎస్, పాలీస్టైరీన్, పీవీసీ మునుగుతాయి. ఒక్క మెలిక ఏమిటంటే, సుద్ద పొడి లాంటి ఫిల్లర్ ఎక్కువ కలిపిన పాలీప్రొపిలీన్ కూడా మునగవచ్చు. మునిగిన పలుకు తాకితే మైనంలా జారుతుంటే దాన్నీ తేలే రకంగానే లెక్కేసుకోవడం మేలు.

తేలే రకానికి కావలసింది అడ్హీషన్ ప్రొమోటర్ (పట్టు పెంచేది) అనే రంగులేని స్ప్రే. కార్ల ప్లాస్టిక్ బంపర్లకు రంగు వేసేవాళ్లు వాడేది ఇదే. ఇందులో ఉండే క్లోరినేటెడ్ పాలీఓలిఫిన్ ఒకవైపు పాలీప్రొపిలీన్‌నూ, మరోవైపు పై రంగునూ పట్టుకుంటుంది. దీన్ని మందంగా కొడితే అసలుకే మోసం. ఆ మందపు పొర లోపల సరిగా ఆరదు, రంగుతో సహా ఊడుతుంది. తడి తళుకు కనిపించీ కనిపించనంత పల్చగా ఒకటి రెండు కోట్లు చాలు. దాని డబ్బా మీద రాసిన వ్యవధిలోపే, మామూలుగా 10 నుంచి 30 నిమిషాల్లో, రంగు మొదటి కోటు పడిపోవాలి. పాలిథిలీన్ మీద ఇది కూడా అంతంత మాత్రమే. 2 అంకె బకెట్‌కి రంగు వేయకపోవడమే మంచిది.

రంగు ఊడిందనే ఫిర్యాదుల్లో డబ్బాది కాని తప్పు చాలా ఉంటుంది. కొత్త వస్తువు మీద అచ్చులోంచి సులువుగా రావడానికి పూసిన జిడ్డు ఉంటుంది, పాతదాని మీద వంటింటి నూనె ఆవిరి. ముందు గిన్నెల సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, గుడ్డను రెండు వైపులా వాడి మార్చేయాలి. ఆపైన 400 నంబరు వాటర్ పేపర్‌తో (సన్నటి గరుకు కాగితం) మెరుపు పోయేదాకా రుద్ది మళ్లీ తుడవాలి. వరస ఇదే. రుద్దడం ముందు, కడగడం తర్వాత అయితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. పాలీప్రొపిలీన్‌ను ముతక కాగితంతో గట్టిగా రుద్దితే నూగు లేస్తుంది, ఆ నూగు రంగులోంచి కనిపిస్తుంది. ఎండలో ఉండి సుద్దలా తెల్లబడిన కుర్చీకైతే ఆ పొడి పొర పోయి గట్టి ప్లాస్టిక్ బయటపడే వరకు రుద్దాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే మిగతాదంతా వృథా. థిన్నర్, అసిటోన్ జోలికి పోవద్దు. పాలీస్టైరీన్, ఏబీఎస్ మీద అవి మచ్చలు, పగుళ్లు తెస్తాయి.

స్ప్రే నాణ్యత విషయానికొస్తే ఈ రకానికి మంచి మార్కులే. వెడల్పుగా విసనకర్రలా పడే నాజిల్ ఉన్నది ఎంచుకోండి, గుండ్రంగా పడేది చారలు వదులుతుంది. లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో నిమిషం ఊపాలి, మధ్యమధ్యలో కూడా. దూరం 25 నుంచి 30 సెంటీమీటర్లు. వస్తువు అంచు దాటాక మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వేలు తీయాలి, ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. మొదటి కోటు మసకగా, అడుగు రంగు కనిపించేంత పల్చగా ఉండాలి. అక్కడే కప్పేద్దామని చూస్తే రంగు కారుతుంది. మరీ దూరం నుంచి కొడితే రంగు గాల్లోనే ఆరి ఇసుక చల్లినట్టు పడుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే మెరిసే రంగు తెల్లగా మసకబారుతుంది, వాన రోజున వాయిదా వేయండి.

కప్పే విస్తీర్ణం గురించి డబ్బా మీద రాసేది ఒక్క కోటు లెక్క. అన్ని కోట్లూ కలిపితే ఒక డబ్బా అందులో కొంత భాగానికే వస్తుంది. ముందూ వెనకా కలిపి ఒక అచ్చు కుర్చీకి రెండు డబ్బాలు దగ్గర పెట్టుకోండి. లేత రంగు కింద ముదురు రంగు ఉంటే మూడోది కూడా.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే రెండో కోటు గడువును తప్పకుండా చదవాలి. కొన్ని రకాలు గంటలోపు వేయాలంటాయి, లేదా 48 గంటలు ఆగమంటాయి. ఆ మధ్యలో వేస్తే సగం ఆరిన పొర కింద నుంచి ఉబ్బి ముడతలు పడుతుంది. ముడత పడ్డాక పైన ఎంత కొట్టినా సర్దుకోదు. పూర్తిగా ఆరనిచ్చి, రుద్దేసి మళ్లీ మొదలు. చేతికి అంటకపోవడానికి అరగంట పట్టినా పట్టు పూర్తిగా రావడానికి ప్లాస్టిక్ మీద వారం కావాలి. అప్పటిదాకా కడగడం, దొంతర పెట్టడం, టేపు అంటించడం వద్దు. వారం తర్వాత కనిపించని మూల బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంతో నిలువు, అడ్డం ఆరేసి గీతలు గీసి, టేపు నొక్కి లాగండి. గడులు నిలిస్తే పాసైనట్టే.

అన్నీ సరిగ్గా చేసినా ఓడిపోయే చోట్లున్నాయి. కూర్చున్నప్పుడు వంగే కుర్చీ వీపు, మూత మడత, క్లిప్పుల దగ్గర రంగు చిట్లుతుంది. మెత్తటి వినైల్‌లోని ప్లాస్టిసైజర్ (దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం) పైకి ఊరి రంగును ఎప్పటికీ జిగటగా ఉంచుతుంది. థర్మాకోల్‌నైతే స్ప్రే కరిగించేస్తుంది, దానికి నీటి ఆధారిత అక్రిలిక్ రంగు బ్రష్‌తో వేయాలి. ఎండ పడే యూపీవీసీ కిటికీకి నల్లటి రంగు వేస్తే వేడెక్కి ఫ్రేము వంగవచ్చు. తిండి తగిలే పాత్రల లోపలి వైపు, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు ఇది పనికిరాదు.

వాడేటప్పుడు ఆరుబయటే వాడండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (సాల్వెంట్ ఆవిరిని పట్టేసే ఫిల్టర్) ఉన్న మాస్కే కావాలి. డబ్బాలో రంగు మిగిలితే తలకిందులు చేసి, ఉత్త గాలి వచ్చేదాకా రెండు మూడు సెకన్లు నొక్కాలి. లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఏ కోణంలోనైనా పనిచేసేలా చేసిన నాజిళ్లకు ఈ చిట్కా పనికిరాదు, వాటిని ఊడదీసి థిన్నర్‌లో నానబెట్టడమే.