మా కాలనీ పక్క షెడ్డులో బ్యాడ్మింటన్ కోచింగ్: నాలుగు నెలల తర్వాత

మావాడికి పదకొండేళ్లు. చేతిలో ఆట ఉంది, మాట వినడమే లేదు. కోచ్ చెబుతుంటే వీడి కళ్లు పక్క కోర్టు మీద ఉంటాయి. ఇంతకుముందు చేర్పించిన చోట కోచ్ అరిచేవారు, వీడు తలూపేవాడు, మరుక్షణం మళ్లీ అదే తప్పు. రెండు నెలలకే మాన్పించి ఇక్కడ చేర్చాం.

ఈ సార్ గొంతు పెంచరు. ఏదైనా ఒక్కసారే చెప్పి, "ఇప్పుడు నేనేమన్నాను?" అని పిల్లల చేతే చెప్పిస్తారు. చెప్పలేనివాడు రాకెట్ కింద పెట్టి, పక్కవాణ్ని అడిగి తెలుసుకోవాలి.

నాకు బాగా నచ్చింది అంకెల డ్రిల్. కోర్టులో ముందు రెండు, మధ్య రెండు, వెనక రెండు చోట్లకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. సార్ "మూడు" అంటే అటు పరుగెత్తి, షాట్ కొట్టినట్టు ఊపి, మధ్యకు వచ్చెయ్యాలి. పిల్లలు ఊపందుకున్నాక సార్ గొంతు తగ్గించేస్తారు. బూట్ల కీచుల మధ్య ఆ అంకె వినబడాలంటే కబుర్లు ఆపక తప్పదు. మొదటి వారం మావాడు "రెండు" అంటే ఐదుకి పరుగెత్తాడు!

మ్యాచ్‌లో 11 పాయింట్ల దగ్గర ఇచ్చే విరామం 60 సెకన్లే కదా. నీళ్లు తాగడం, చెమట తుడుచుకోవడం, కోచ్ మాట బుర్రకెక్కడం అన్నీ అందులోనే. అందుకే సార్ అప్పుడు ఒక్క విషయమే చెబుతారు.

తలుపు దగ్గర ఫోన్లకి ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంది, పెద్దవాళ్లూ వెయ్యాల్సిందే. రియో ఒలింపిక్స్‌కి ముందు గోపీచంద్ సింధు ఫోన్ 3 నెలలు తీసేసుకున్నారు, నాది గంటేగా అని సర్దుకున్నాను. కానీ నోరు ఆగలేదు. "బ్యాక్‌హ్యాండ్ రా!" అని కుర్చీలోంచి అరుస్తుంటే సార్ వచ్చి, "అన్నా, వాడికున్నవి రెండే చెవులు. ఒకటి మీరు తీసుకుంటే ఎలా? వెళ్లి టీ తాగి రండి" అన్నారు. అప్పట్నుంచి నేను టీ కొట్టు దగ్గరే.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం బ్యాచ్‌లో కోర్టుకి పదిమంది, సగం సేపు వంతు కోసం నిలబడటమే. షటిల్స్ ఖర్చు విడిగా కట్టాలని డబ్బు కట్టాకే చెప్పారు, అది నచ్చలేదు.

మొన్న ఆదివారం చిన్న టోర్నమెంట్‌లో 21-17తో మొదటి గేమ్ పోయింది, రెండోదీ పోయింది. విరామంలో సార్ ఏం చెప్పారని అడిగితే, "సర్వీస్ పొట్టిగా వెయ్యమన్నారు నాన్నా" అన్నాడు. వేశాడు కూడా, నేను చూశాను.

చేర్పించాలనుకుంటే పొద్దున్న అయిదున్నర బ్యాచ్ అడగండి. అందులో కోర్టుకి నలుగురే.