సావర్ 38హెచ్ పిస్టల్ అమ్ముతానంటున్న వైజాగ్ పెద్దమనిషితో జాగ్రత్త

ఎవరో చెప్పక్కర్లేదు, పాత జర్మన్ పిస్టల్స్ మీద మోజున్న లైసెన్సుదారులందరికీ ఆయన తెలుసు. ఎంవీపీ కాలనీ వైపు ఉంటాడు, ఫోన్లో ప్రతి మాటకీ "గురువుగారూ" అంటాడు. ఆ పిలుపు ఖరీదు నాకు 50,000 రూపాయల అడ్వాన్స్.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మన దగ్గర కలెక్షన్ అంటే లైసెన్సు మీద రెండే రెండు తుపాకులు, అందుకే ఈ సావర్‌కి చోటు చెయ్యడానికి లక్షణంగా పనిచేస్తున్న కాన్పూర్ రివాల్వర్ అమ్మేశాను. తర్వాత అమ్ముతున్నానని ఆయన పోలీసులకు రాసివ్వడం, చట్టం ప్రకారం 45 రోజులు ఆగడం, కమిషనరేట్ చుట్టూ నా తిరుగుడు, ఆ కథ మీకు కొత్త కాదు.

38హెచ్ మీద పిచ్చి ఎందుకంటే ఆ లివర్ కోసమే కదా. అప్పటి మరో జర్మన్ పిస్టల్ వాల్తర్ పీపీలో సేఫ్టీ వేస్తే ఎక్కిన హ్యామర్ (తూటా పేలేలా కొట్టే సుత్తి) దిగుతుంది, అంతవరకే. సావర్‌లో హ్యామర్ లోపలే దాగి ఉంటుంది, ఎడమవైపు ట్రిగ్గర్ వెనక ఉన్న లివర్‌ని బొటనవేలితో నొక్కితే ఎక్కి ఉన్నది దిగుతుంది, దిగి ఉన్నది ఎక్కుతుంది. ఆయన పంపిన వీడియోలో అది టక్కుమని ఎంత ముద్దుగా పనిచేసిందో! పిస్టల్ సీరియల్ నంబరు ఉండే చోట మాత్రం వీడియో అంతా వేలు అడ్డం పెట్టే ఉన్నాడు, అది ఇప్పుడు కనిపిస్తోంది నాకు.

డీలర్ షాపులో పెట్టె తెరిస్తే మొదట గ్రిప్పులే తేడా. ఫొటోలో కంపెనీ అక్షరాలున్న నల్ల గ్రిప్పులు, పెట్టెలో ఎవరో వడ్రంగి చెక్కిన టేకు ముక్కలు. సరే పోనీ అనుకుని, ఖాళీగా ఉందని చూసుకుని లివర్ మీద వేలు పెడితే టెన్షనే లేదు, వదులైన తలుపు గడియలా పైకీ కిందకీ ఊగుతోంది. లోపల స్ప్రింగ్ ఉందో, ఎవరైనా పీకేశారో! "ఇదేంటండీ" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే, "ఏటి సార్, దీంతో మీరు యుద్ధానికెళ్తారేటి? షోకేసులో పెట్టుకునేదానికి లివర్ పనిచేస్తే ఏటి, చెయ్యకపోతే ఏటి? వద్దంటే మానీండి, అడ్వాన్స్ మాత్రం రాదు" అన్నాడు. గురువుగారు కాస్తా అక్కడికక్కడే సార్ అయిపోయాడు. డీలర్ తల దించుకుని రిజిస్టర్ తిరగేస్తున్నాడు. వీడియో సంగతి అడిగితే "అది వేరే పీసు, మోడల్ తెలియడానికి పంపాను" అట! ఎంత సేవాభావం!

పిస్టల్ అక్కడే వదిలేసి వచ్చేశాను. రివాల్వర్ పోయింది, డబ్బు పోయింది, ఫోన్ ఎత్తడం లేదు.

కొనేవాళ్లు నంబరూ, లివర్ కదలికా, ఆ రోజు పేపరూ ఒకే వీడియోలో కనిపిస్తేనే డబ్బు మాట ఎత్తండి. అడ్వాన్స్ ఏ పరిస్థితిలో వెనక్కిస్తాడో కాగితం మీద రాయించుకోండి. చేతిలో ఉన్న ఆయుధాన్ని ముందే అమ్ముకోకండి. ఇప్పుడు ఆయన మౌజర్ హెచ్‌ఎస్‌సి ఒకటి బేరం పెట్టాడని విన్నాను. చూడ్డానికి వెళ్తే స్లయిడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పైభాగం) వెనక్కి లాక్ అయి ఉండగా ఖాళీ మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) పెట్టి చూడండి, స్లయిడ్ దానంతటదే ముందుకు రావాలి. రాకపోతే ఆయన టీ తాగేలోపే బయటికొచ్చేయండి.