మా చర్చి ఆవరణలో పుటింగ్ గ్రీన్: నాలుగేళ్లు వాడాక

సికింద్రాబాద్‌లో మా చర్చికి ఒక పక్కన, వేపచెట్లకీ ప్రహరీగోడకీ మధ్య, విరిగిన బెంచీలు పడేసే జాగా ఉండేది. నాలుగేళ్ల క్రితం దాన్ని బాగుచేసి సింథటిక్ గడ్డితో చిన్న పుటింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని మెల్లగా కొట్టి గుంతలోకి దొర్లించే చోటు, వేయించాం. 30 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, బంతి పడడానికి నేలలో దింపిన మూడు కప్పులు. దగ్గరుండి పని చేయించే బాధ్యత కమిటీ నాకు అప్పగించింది. అప్పటినుంచి దాని మంచీచెడూ చూస్తున్నది కూడా నేనే.

మా సంఘంలో మిలటరీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. బొల్లారంలో గోల్ఫ్ ఆడేవారు. మోకాళ్లు అరిగిపోయాక కోర్సంతా తిరగలేకపోయారు. "నడవలేను గానీ నిలబడి పుట్ కొట్టగలను బాబూ" అని ఆయన అన్న మాటతోనే ఇదంతా మొదలైంది. పుట్ కొట్టే కర్రలు, తన పాత పుటర్లు మూడు, చర్చికి ఇచ్చేశారు. మొదట ముందున్న మైదానంలో వేద్దామనుకున్నాం. స్త్రీల మైత్రి నుంచి ఒక పెద్దమ్మ లేచి, "ప్రేమవిందుకు జనం ఎక్కడ కూర్చుంటారు అయ్యగారూ?" అని అడిగింది. ఆమె అడిగింది న్యాయమే. అందుకే పక్క జాగాకు మారాం. ఆ నీడ దొరకడం మా అదృష్టమని తర్వాత ఎండాకాలంలో తెలిసింది.

గడ్డి కొనేటప్పుడు జాగ్రత్త. బాల్కనీల్లో పరిచే రకం చాలావరకు 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ బంతి దానిలో కూరుకుపోయి ఆగిపోతుంది. పుటింగ్‌కు పొట్టిగా, దట్టంగా, 10-15 మిల్లీమీటర్ల మధ్య ఉన్నదే కావాలి. మాకు మొదట చూపించిన శాంపిల్ 35 మిల్లీమీటర్లది. పెద్దాయన బంతి దొర్లించి చూసి వద్దన్నారు కాబట్టి బయటపడ్డాం.

ఇక అసలు సంగతి గడ్డి కింద ఉన్న నేల. ఈ పనిలో డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది అక్కడే. పనివాళ్లు పైమట్టి తీసి, మొరం పోసి, కంకర పరిచి, పైన రాతి డస్ట్ వేసి రోలర్ తిప్పారు. ట్యూబ్ లెవెల్ పట్టి గోడ నుంచి ఇవతలికి వాలు కూడా సరిగ్గానే ఇచ్చారు. కానీ అక్కడ వెనకటికి కొట్టేసిన చెట్టు మొద్దు ఒకటి మట్టిలో ఉండిపోయింది. తవ్వి తీయకుండా దాని మీదే మొరం పోసేశారు. నేను ఆ రోజు ఆఫీసుకు వెళ్లాను. మొదటి వానాకాలం గడిచేసరికి అక్కడ తట్టంత గుంట పడింది. మూడో కప్పుకు కొట్టిన బంతి ప్రతిసారీ ఆ గుంటలోకే జారేది. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి మేమే ఆ మూల గడ్డి లేపి, మొద్దు తవ్వి తీసి, పొరపొరకీ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి, మళ్లీ అంటించాం. యూత్ పిల్లలు రెండు శనివారాలు కష్టపడ్డారు. తర్వాత మూడు వానాకాలాలు గడిచాయి, నేల కదల్లేదు.

అతుకు గురించి కూడా చెప్పాలి. రోల్ వెడల్పు రెండు మీటర్లు, కాబట్టి మాకు మధ్యలో ఒక అతుకు తప్పలేదు. రెండు రోల్స్ పోచలూ ఒకే వైపు వాలి ఉండాలి. మాకు ఒకటి తిరగేసి పరిచారు. పగటి వెలుగులో రెండు ముక్కల రంగు వేరుగా కనిపించేసరికి పట్టుకున్నాం. ఇంకా జిగురు పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

కప్పు వ్యాసం 4.25 అంగుళాలు, పెద్ద కోర్సుల్లో ఉండే కొలతే. మాకు వేసిన కప్పులకు అడుగున రంధ్రం లేదు. వాన నీళ్లు నిలిచి దోమ పిల్లలు కనిపించాయి. డెంగీ రోజులు, పక్కనే సండే స్కూల్ గది. ఆ రోజే మూడూ పీకి, అడుగున రంధ్రాలు చేసి, కింద రెండడుగుల గుంట తీసి కంకర నింపాం.

ఎండ విషయంలో ఏ మొహమాటమూ లేకుండా చెబుతాను. ఇది ప్లాస్టిక్. నిజమైన గడ్డిలా నీటిని ఆవిరి చేసుకుని చల్లబడదు. మొదటి ఏడు గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం మూడింటికి ముగిసింది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, చిన్నపిల్లలు ఉత్తకాళ్లతో నేరుగా దాని మీదికి పరిగెత్తారు. వేపనీడ పడని చివర కాలుపెట్టిన ఒక పాప ఏడ్చేసింది. అరికాలు ఎర్రగా కందిపోయింది. నీళ్లు చల్లితే కాసేపటికే మళ్లీ వేడెక్కుతుంది. ఆ చివర షేడ్ నెట్ కట్టాం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పదినుంచి సాయంత్రం ఐదువరకు తాడు కట్టి మూసేస్తాం. పూర్తిగా ఎండపడే స్థలమే ఉంటే ఈ పని పెట్టుకోవద్దు.

రోజువారీ పని పెద్దగా లేదు. వేపపూత రాలే రోజుల్లో మాత్రం పొద్దునా సాయంత్రం ఊడ్వాలి. ఏటా వానల తర్వాత పొడి సిలికా ఇసుక చల్లి గట్టి చీపురుతో పోచల్లోకి దింపుతాం, లేకపోతే పోచలు అణిగిపోతాయి. క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధనలో మైనం పడితే ఐస్ ముక్క పెట్టి గట్టిపడ్డాక గీకేస్తాం. ఒకసారి కాకరపువ్వొత్తి నిప్పురవ్వ పడి రూపాయి బిళ్లంత కాలింది. మిగిలిన ముక్క దాచి ఉంచాం కాబట్టి అతికించగలిగాం.

బంతి వేగం తెలుసుకోవడానికి గోల్ఫ్ కోర్సుల్లో స్టింప్‌మీటర్ వాడతారు. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు ఆలోచించిన సాధనం. వాలుగా పట్టుకున్న పట్టీ మీంచి బంతిని వదిలి ఎన్ని అడుగులు దొర్లిందో కొలవడమే. పెద్దాయన అల్యూమినియం చానెల్ ముక్కతో అలాంటిదే చేశారు. ఏటా ఇసుక వేశాక సండే స్కూల్ పిల్లలతో కొలిపించి, కొత్తలో రాసిపెట్టుకున్న లెక్కతో పోల్చి చూస్తారు. నాలుగేళ్లలో తేడా అడుగు దాటలేదు.

నాకు మాత్రం దీని విలువ ఆదివారం ఆరాధన అయ్యాక తెలుస్తుంది. ఇదివరకు ముసలివాళ్లు ఆటో కోసం గేటు దగ్గర ఒంటరిగా నిలబడేవాళ్లు. ఇప్పుడు గోడవారగా వేసిన బెంచీ మీద కూర్చుని పిల్లల ఆట చూస్తారు, మధ్యలో లేచి వాళ్లూ రెండు పుట్లు కొడతారు. గోల్ఫ్ కర్రను టీవీలో తప్ప చూడని పిల్లలు "తాతయ్యా, చేతులు ఇలాగేనా?" అని అడుగుతుంటే ఆ పెద్దాయన బెంచీ మీద నుంచి లేవకుండానే వాళ్ల భుజాలు సరిచేస్తారు. ఈ మధ్య ఆయన చూపు తగ్గింది. కప్పు దగ్గర ఒక పిల్లవాడు నిలబడి "ఇక్కడ తాతయ్యా" అని చేయి ఊపుతాడు, ఆయన ఆ గొంతు వైపు కొడతారు.