నార్కోటిక్స్ అనానిమస్ మీటింగులు: తోడు దొరుకుతుంది, వైద్యం కాదు

మత్తుమందుల అలవాటు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే చోటు నార్కోటిక్స్ అనానిమస్. 1953లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ మీటింగులకి ఫీజు లేదు. మానాలన్న కోరిక చాలు. చిక్కల్లా వెతకడంలోనే: ఎత్తేసిన మీటింగులు కూడా జాబితాల్లో మిగిలిపోతుంటాయి. బయల్దేరే ముందు వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి వేళ, చోటు ఖాయం చేసుకోవాలి. 'ఓపెన్' అయితే ఇంటివాళ్లూ రావచ్చు; 'క్లోజ్డ్' ఆ అలవాటున్నవాళ్లకే. గంటో, గంటన్నరో పడుతుంది. మాట్లాడమని బలవంతం ఉండదు, ఒకరు చెప్తుంటే మధ్యలో సలహాలు ఇవ్వరు. దీని బలం అదే.

గ్రూపు గ్రూపుకీ తీరు వేరు, నాలుగైదు తిరిగి చూడండి. స్పాన్సర్‌ని, అంటే ముందే మానేసి మీకు దారి చూపే పాత సభ్యుణ్ని, ఎంచుకోడానికి తొందరేమీ లేదు.

లోటేంటంటే, వైద్యం ఉండదు. మద్యం, బెంజోడయాజెపైన్ మాత్రలు (ఆందోళనకీ నిద్రకీ ఇచ్చేవి) ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టరు. హెరాయిన్ లాంటి మత్తు మానడానికి డాక్టర్లిచ్చే బ్యూప్రెనార్ఫిన్ వాడేవాళ్లంటే కొన్ని గ్రూపుల్లో చిన్నచూపు. అలాంటప్పుడు డాక్టరిచ్చిన ఆ మందు ఆపకండి, గ్రూపు మార్చండి.