మా హాస్టల్ చెత్త బండి: ఐదుకి మూడున్నర

పోయిన జూన్ దాకా మా లేడీస్ హాస్టల్ వెనక ఒక సిమెంటు కుండీ ఉండేది. రాత్రి మెస్‌లో మిగిలిన ఎంగిలంతా అందులోనే పడేది. ట్రాక్టర్ వచ్చేదేమో పొద్దున పది దాటాక. ఈలోగా తెల్లారుజామున కుక్కలు, పొద్దు పొడిచాక కోతులు. ట్రాక్టర్ వచ్చేసరికి కుండీలో కంటే రోడ్డు మీదే ఎక్కువ చెత్త. వానాకాలంలో ఆ దారిన క్లాసుకు పోవాలంటే ముక్కుకి చున్నీ కట్టుకోవాల్సిందే.

ఇప్పుడా కుండీ పగలగొట్టేశారు. బదులుగా బ్యాటరీ ఆటో వస్తోంది. మధ్యలో రేకు అడ్డం పెట్టి ఆకుపచ్చ వైపు తడి చెత్త, నీలం వైపు పొడి చెత్త. టౌన్‌లో వార్డుల్లో తిరిగేలాంటిదే, కొత్తేం కాదు. అసలు మార్పు టైములో ఉంది. రాత్రి తొమ్మిదింబావుకి, మెస్ మూయగానే వస్తుంది. ఎంగిలి రాత్రంతా బయట పడి ఉండదు. కుక్కలు ఓ రెండు వారాలు అలవాటు కొద్దీ వచ్చి కూర్చుని, ఆశ చచ్చి బాయ్స్ హాస్టల్ వైపు మారాయి. అక్కడికి బండి ఇంకా పొద్దున్నే వస్తోంది మరి.

బండితో వచ్చే అక్కకు నా తరఫున ఐదుకి ఐదు. బకెట్ వంచే ముందు చూస్తుంది. ఒకసారి నేను బిర్యానీ పార్సిల్‌ను కవర్‌తో సహా తడి చెత్తలో పడేస్తే, "ఏం బిడ్డా, గీ కవర్ గూడ కుళ్లుతదా?" అని అందరి ముందూ అడిగింది. చదివేది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. తల దించుకుని కవర్ తీసుకున్నాను. ప్యాడ్లు పేపర్లో చుట్టి వేరే సంచిలో ఇవ్వమంటారు, మంచిదే. కానీ బాత్‌రూముల్లో మూత ఉన్న డబ్బా ఒక్కటీ పెట్టలేదు. చేత్తో పట్టుకుని మెట్లు దిగాలి. దానికి ఒక మార్కు కట్.

వేరు చేసి ఇస్తే చివరికి అంతా ఒకే కుప్పలో కలిపేస్తారేమోనని నాకు ముందునుంచీ అనుమానం. ఒక శనివారం పొద్దున గ్రౌండ్ వెనక ఎరువు చేసే షెడ్డుకి పోయి చూశా. కలపట్లేదు. ఇటుక తొట్లలో ఒక వరస ఎంగిలి, దాని మీద ఒక వరస ఎండుటాకులు. కుప్ప మధ్యలో ఇనుప చువ్వ గుచ్చి ఉంది. లాగి పట్టుకుని చూడమన్నాడు అక్కడి తాత. చుర్రుమంది. చువ్వ చల్లబడితే కుప్ప తిరగేసి నీళ్లు చల్లాలట. వానపాముల తొట్టి వేరే ఉంది, అందులో జ్యూస్ సెంటర్ బత్తాయి తొక్కలు మాత్రం వేయనివ్వడు. పులుపు వాటికి పడదు. బత్తాయికి పేరుపడ్డ నల్లగొండ జిల్లాలో పుట్టి ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు.

ఇదంతా మామీద దయ చూపినట్టు రిబ్బన్ కట్ చేసి మొదలుపెట్టారు గానీ, 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి.

ఆ ఎరువు స్టాఫ్‌కీ మాకూ అమ్ముతున్నారు. దసరాకి రెండు సంచులు కొని బస్సు టాప్ మీద వేయించుకుని హాలియా తీసుకెళ్లా, నాన్న బత్తాయి తోట కోసం. నాన్న సంచి విప్పి, గుప్పెడు తీసుకుని వాసన చూశాడు. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసన. తర్వాత వేళ్లతో కెలికి ఉల్లిపొర లాంటివి ఒక్కొక్కటే ఏరి గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాడు. "ఎరువు మంచిగనే ఉంది బిడ్డా. మరి ఇవేంది?"

క్యాంటీన్ టీ కప్పులు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పుల మీద నిషేధం వచ్చాక అందరూ పేపర్ కప్పులు పట్టుకున్నారు. కాగితమే కదా అని మేం తడి చెత్తలో వేస్తున్నాం. చాయ్ కారకుండా లోపల అతికించే పలచటి ప్లాస్టిక్ పొర కుళ్లదు. కాగితం మట్టిలో కలిసిపోయింది, పొర అలాగే మిగిలింది. ఇది బండి తప్పు కాదని తెలుసు, అయినా అర మార్కు తీసేశా. స్టీల్ గ్లాసులు పెట్టమని క్యాంటీన్ ఆయన్ని అడిగితే కడిగే మనిషి లేడంటాడు.

నాన్న ఈసారి నాలుగు సంచులు తెమ్మన్నాడు, జల్లెడ పట్టించి.